మొదటి 'సూపర్'

శుక్రవారం

మనవరాలు హారిక స్కూల్లో బ్లాగులు రాసే పిల్లల మీటింగట, తాతలూ రావచ్చట. వెళ్లాను. గవర్నర్‌పేట లాడ్జీల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ఇలాంటివంటే సరదా. ఆ బోర్డుల్లో సగం తప్పులే, అదో కథ.

"తోటి రచయితలతో స్నేహం చెయ్యండర్రా! రోజుకి పది బ్లాగుల్లో కామెంటు పెడితేనే మార్కులు" అన్నాడు మాస్టారు. పిల్లలు ఫోన్లు తీసి, ఒక్క ముక్క చదవకుండా అందరికీ 'సూపర్' కొట్టారు. పెళ్లిలో అక్షింతలే నయం, ఎవరి మీద పడుతున్నాయో చూసి వేస్తాం. దీనికి స్నేహమని పేరు!

హారిక వాళ్ల నాయనమ్మ పోయిన రోజు గురించి రాసింది. మా ఆవిడ చావు కింద కూడా వరసగా 'సూపర్'లే. చల్లపల్లి నుంచి ఎవరో పిల్ల మాత్రం, "ఆ రోజు నీకు అన్నం ఎవరు పెట్టారు?" అని అడిగింది.

వచ్చేటప్పుడు ఆటోలో, "ఇంక రాయను తాతయ్యా. ఎవరూ చదవట్లా" అంది హారిక.

"చల్లపల్లి పిల్ల చదివిందిగా! దానికి జవాబు రాయవే. మిగతావాళ్లంతా దద్దమ్మలు."

"అందరికంటే ముందు సూపర్ పెట్టింది నువ్వే తాతయ్యా."

ఇంటికొచ్చి హారిక బ్లాగు తెరిచాను. ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుని మొదటి లైను దగ్గర కూర్చున్నాను. ఆ రోజు పిల్లకి అన్నం ఎవరు పెట్టారో నాకూ తెలియదు...