ఆకాశానికి చెయ్యి ఊపిన ఆదివారం

నోయిడా,
18 నవంబరు 2025.

ప్రియమైన సాలొమోను అన్నయ్యకు,

ప్రభువు కాపుదలలో నువ్వూ, వదినా, సంఘమంతా చల్లగా ఉన్నారని తలుస్తూ నీ చెల్లెలు రెబ్కా వందనాలు. మేం బాగున్నాం. ఇక్కడి గాలే బాగాలేదు. హాస్పిటల్లో నా వార్డు నిండా దగ్గులే.

ఫోనులో చెప్పేదాన్నే, కానీ ఈ కవర్లోని ఫొటో అరచేతిలో చూసేది కాదు. పెద్దగా ప్రింటు తీయించాను. వదినకు చూపించి, చర్చి నోటీసు బోర్డుకు అంటించు.

అవును, మన ఫెయిత్ వాళ్ళ ఉపగ్రహం తీసిందే. గ్రేటర్ నోయిడా కాలేజీలో నా కూతురూ దాని స్నేహితులూ మూడేళ్ళు కూర్చుని చేసిన పెట్టె. నువ్వు క్యారేజీ అని వెక్కిరించావే, అదే. నిజానికి మన స్టీలు క్యారేజీ కంటే పెద్దదేం కాదు. కెమెరా కూడా నెహ్రూ ప్లేస్‌లో బేరమాడి కొన్నదే. పొలాల్లో గడ్డి తగలబెట్టిన పొగ ఎటు పోతోందో పైనుంచి చూడాలని వాళ్ళ తాపత్రయం. పెద్ద ఉపగ్రహాలు ఉన్నాయిగా అంటే, బడే వాలే రోజ్ నహీ ఆతే మమ్మీ అంది. పెద్దవి రోజూ రావట. ఇలాంటివి చవగ్గా ఓ పది పంపితే రోజూ చూడొచ్చట. నేను తెలుగులో అడగడం, అది హిందీలో చెప్పడం నీకు తెలిసిందే.

పైకి వెళ్ళాక ఆ పెట్టె పలకలేదు కదా. ఫెయిత్ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. నేను నీకు ఫోను చేస్తే నువ్వు సంఘంతో ఉపవాస ప్రార్థన పెట్టించావు. తీరా చూస్తే కాలేజీ మేడమీది యాంటెన్నాను కోతులు వంచేశాయి. మనం ఆకాశంలో ఉన్నదాని కోసం ఉపవాసముంటే రోగం మేడమీద ఉంది. వంపు తీయగానే పెట్టె పలికింది. ప్రార్థన వల్లే ఎవరో మేడెక్కి చూశారని నేను సరిపెట్టుకున్నాను.

అన్నాళ్ళలో నీరసించిన దాని బ్యాటరీ మాత్రం కోలుకోలేదు, ఆదివారం ఒక్క ఫొటోకే ఓపిక ఉందన్నారు. అది చూశాకే రెండో పెట్టె చేయనివ్వాలా వద్దా తేలుస్తామని కాలేజీ వాళ్ళు చెప్పారు. ఢిల్లీ ఫొటో తీయాలనుకున్నారు. ఢిల్లీ చేరే ముందు అది మన ఊరి మీదుగా వస్తుందని నీతో అన్నది నేనే. అంతమాత్రానికే నువ్వు ఆరాధన కాగానే సంఘాన్నంతా ఎండలో నిలబెట్టి, తెల్ల దుప్పట్లు ఊపిస్తావనుకోలేదు. దుప్పట్లు ఉతికిస్తున్నారని శనివారం వదిన చెప్పగానే నవ్వుకుంటూ ఫెయిత్ చెవిన వేశాను. అది నవ్వలేదు. ఆ ఫొటోలో ఒక్కో చుక్క మీ చర్చి కంటే పెద్దది, మనుషులు ఆనరట. పైగా ఢిల్లీ మీదికి వస్తే గానీ కెమెరా పనిచేయనే చేయదట. ఆ మాట మామయ్యకు ఎలా చెప్పనని తల పట్టుకుంది.

ఆదివారం నేనూ కాలేజీకి వెళ్ళాను. అందరం ఢిల్లీ కోసం చూస్తుంటే తెరమీద సముద్రం దిగింది. పాయలు, మడ అడవి, పలకల్లా రొయ్యల చెరువులు. అందరూ మొహాలు చూసుకున్నారు. చిన్నప్పుడు మనం పడవేసుకు తిరిగిన పాయ వంపు నాకు తెలియదా? మా ఊరని అరిచేశాను. పెట్టెలోని గడియారం తేడా కొట్టి తొందరగా తీసిందేమో అన్నారెవరో. వాళ్ళ నిరంజన్ సార్ మాత్రం, చెరువులు కూడా విడివిడిగా తేటగా ఉన్నాయి, ఢిల్లీ అయితే పొగ తప్ప ఏముండేది, రెండో పెట్టె మొదలుపెట్టండి అన్నారు. పిల్లలు గంతులేశారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదన్నయ్యా, అంత సంతోషం.

వచ్చే ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. వాక్యం నువ్వే చెప్పాలి, ఫోనులోనైనా సరే. వదినను ఎండు రొయ్యలు పంపమను.

నీ ప్రార్థనల నీడలో ఉండే చెల్లెలు,
రెబ్కా

తా.క.: నా ఉత్తరాలు సంఘంలో చదువుతావుగా, ఇది మాత్రం నెమ్మదిగా చదువు. గడియారంలో ఏ తప్పూ లేదు. ఆదివారం పొద్దున ఫొటో తీసే సమయాన్ని ఫెయితే మార్చి పంపింది. సాయంత్రం తనే వెళ్ళి సార్‌కు చెప్పుకుంది, ఆయన కాసేపు కోప్పడి నవ్వేశారు. ఉన్నది ఒక్క ఫొటోయే, ఎందుకే ఇలా చేశావు అన్నాను. దుప్పట్లు ఉతుక్కుని మరీ అంతమంది చెయ్యి ఊపుతుంటే, పైనుంచి ఎవ్వరూ చూడకపోతే ఎలా మమ్మీ అంది. తెలుగులోనే అంది.