బొంత నడిమి ముక్క

బాపుకు, అవ్వకు విరూర్ నుంచి మీ బిడ్డ సారక్క దండాలు. మా ఊరు బొంబాయి రాష్ట్రంలో కలిసిందని దిగులు పడకండి, రైలు మునుపటిలాగే ఇక్కడ ఆగుతోంది. మొన్న అత్తమ్మ ఇంట్లో అందరి పాత చీరలూ ధోవతులూ చింపి బొంత కుట్టడానికి కూర్చుంది. నేను నా చీర ఇస్తే పక్కన పెట్టేసింది. తోడికోడళ్ల ముందు మనసు చిన్నబోయింది. అప్పుడు ఆమె అన్నది: "నడిమిట్ల మీ అవ్వ చీరనే పడాలె. కొత్తది వద్దు, కట్టి కట్టి మెత్తవడ్డదే గావాలె." అవ్వ పాత చీర ఒకటి ఇటు వచ్చేవాళ్లతో పంపండి. బర్రె ఈనిందా? చిన్నవాళ్లకు దీవెనలు. కార్డు దారిలో ఎవరైనా చదువుతారు, ఇంతకన్నా రాయలేను. బాపూ, బొంత ఎంత పెద్దదని అవ్వ అడిగితే, ఉయ్యాలలో పట్టేంత అని చెప్పు.