మూసేసిన లైను

మార్చి 4
ట్రైనింగ్ అయిపోయింది. నేల మీద మైక్ ఆన్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కింద నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో పట్టుకోవాలి. లీకైతే బుస్సుమంటుంది. ఎవరైనా కుళాయి తిప్పితే గలగలమంటుంది. గోడలకే కాదు, ఇక పెళ్ళానికీ చెవులొచ్చాయని మా ఆయన జోకు. ముందు ఆయన గురక రికార్డు చేసి వినిపిస్తానన్నాను.

మార్చి 6
మొదటి లీకు పట్టేశాను! బేకరీ ముందు. సుద్దతో గీసినచోటే తవ్వితే నీళ్ళు ఎగజిమ్మాయి. సూపర్‌వైజర్ తడిసి ముద్దయ్యాడు. నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

మార్చి 10
పాత పంప్‌హౌస్ వీధి. అక్కడి లైను ఎప్పుడో మూసేశారు, చుక్క నీరు లేదు. ఊరికే, ప్రాక్టీసుకని మైక్ పెట్టాను.
టక్. టక్‌టక్. కాస్త ఆగి మళ్ళీ. ఇనుము మీద ఎవరో వేలి కణుపుతో కొడుతున్నట్టు.
ఎండకు పైపు సాగుతోందని సూపర్‌వైజర్ కొట్టిపారేశాడు. పొద్దుట్నుంచీ మబ్బే.

మార్చి 11
పంప్‌హౌస్ వాచ్‌మన్ మొన్నటి నుంచి కనబడటం లేదట. టీ కొట్టావిడ చెప్పింది. పరుగున వెళ్ళి మైక్ పెట్టాను. అదే చప్పుడు. ఈసారి సూపర్‌వైజర్ మాట వినలేదు, వెంటనే వెతకాలని గొంతు చించుకున్నాను. పంప్‌హౌస్ వెనక ఓరగా తెరిచి ఉన్న వాల్వ్ గుంత మూత పూర్తిగా ఎత్తించాను. అడుగున వాచ్‌మన్. ఊపిరి ఉంది! అంబులెన్స్ వెళ్ళిపోయాక సూపర్‌వైజర్ అందరి ముందూ శెభాష్ అన్నాడు.

మార్చి 13
ఆసుపత్రికి వెళ్ళాను. పడ్డప్పుడే తలకు దెబ్బ తగిలి స్పృహ పోయిందట. చేతులు రెండూ విరిగాయి. ఆ చేతులతో పైపు కొట్టడమా, జరగని పని అన్నారు డాక్టరు గారు.
వాచ్‌మన్ కళ్ళు తెరిచాడు. గుంతలోకి ఎందుకు దిగావు బాబాయ్ అని అడిగాను. కింద ఎవరో కొడుతుంటే, పాపం ఎవరు పడ్డారో చూద్దామని దిగాడట.
వాళ్ళని కూడా తీశారా అని నన్నే అడిగాడు.

మార్చి 14
సూపర్‌వైజర్‌కి అంతా చెప్పాను. నవ్వలేదు. లైట్లు వేయించి గుంతంతా వెతికించాడు. జానెడు వెడల్పు పైపు తప్ప ఏమీ లేదు. అందులో పిల్లి కూడా పట్టదు. ఇంకెవరూ పడకుండా గుంత పూడ్చేయమన్నాడు.

మార్చి 17
కాంక్రీటు పోశారు. ఆఖరిసారి వినమన్నాడు సూపర్‌వైజర్. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మైక్ స్విచ్ మాత్రం వేయలేదు. ఏమీ లేదన్నాను.