మొదటి వరుస

1946 జనవరి 12
ఈ రోజు కొత్త తివాచీ మొదలైంది. మా ఇంటి ఆచారం ప్రకారం మొదటి వరుసలో తలా ఒక ముడి వేశాం. లింగమూర్తి అన్న, సోమక్క వదిన, అవ్వ, నేను. చనిపోయిన నాన్న ముడి కూడా అవ్వే వేసింది. ఆ తర్వాత అంతా మామూలే. మగ్గం ముందు అన్న ఎడమన, నేను కుడిన. అన్న రంగు పేరు పిలుస్తాడు, నేను ‘ఆఁ’ అని ముడి వేస్తాను. పన్నెండేళ్ళుగా నా పని ఆఁ అనడమే.

జనవరి 27, మధ్యాహ్నం
ఆర్డర్ ఇచ్చిన ఇంగ్లీషు దొర పని చూడ్డానికి వచ్చాడు. మూలన ఉన్న పువ్వు దగ్గర ఆగిపోయాడు. ఈ డిజైన్ ఎవరిదని వెంట వచ్చిన గుమాస్తాతో అడిగించాడు. నాది, కాగితం మీద నేనే గీశాను. కానీ అన్న, మా ఇంటిది దొరా, అన్నాడు. దొర నవ్వాడు. మా దేశంలో చేసినవాడు ఆర్టిస్ట్, కింద తన పేరు వేసుకుంటాడు, ఇల్లు పువ్వు ఎట్లా గీస్తుంది, అన్నాడట. నాకు అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 3
కాగితం మీద నా పేరు పెద్దగా రాసి చుట్టూ ఆకులు గీశాను. సారంగపాణి. అన్నకు చదవడం రాదు. నన్ను బడికి పంపాలని తాను చిన్నప్పుడే మగ్గం ఎక్కాడు. ఇదేందిరా అని అడిగితే కొత్త తీగె అన్నాను.

ఫిబ్రవరి 9
జ్వరం.

ఫిబ్రవరి 14
లేచి చూస్తే తీగె పూర్తయి ఉంది. నేను సగం పేరు దగ్గర మంచాన పడితే, అన్న నా వైపు జరిగి, కాగితం చూసుకుంటూ మిగిలిన అక్షరాలన్నీ తనే వేశాడు. నీ తీగె మస్తు కుదిరింది తమ్మీ, గిసొంటిది నాకు రాదు, అన్నాడు. ఇన్నేళ్ళలో అన్న నోట మొదటి మెచ్చుకోలు. చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. పిరికివాణ్ణి.

ఏప్రిల్ 28
తివాచీ కోసి మగ్గం మీంచి దించాం. దొర వచ్చి అంచున ఉన్నదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే గుమాస్తా నా పేరు పైకి చదివేశాడు. దొర నా చెయ్యి పట్టుకొని ఊపాడు. దీనికోసమే కదా ఇంత చేసింది. సంతోషం మాత్రం రాలేదు.

అన్న కూర్చొని ఆ అక్షరాలను వేళ్ళతో తడిమాడు. గిది నీ పేరా, అని మెల్లగా అడిగాడు. అవునన్నాను.

ఎప్పుడూ తివాచీని నలుగురం కలిసి బండి దాకా మోస్తాం. వదిన వంగబోతే అన్న ఆపాడు. పేరున్నోన్నే మోసుకోనియ్యి, అన్నాడు. ఎత్తలేకపోయాను. ఈడ్చుకుంటూ పోయాను. అవ్వ కూడా కదలలేదు.

మే 2
ఎవరూ తిట్టడం లేదు. తిడితే బాగుండు.

మే 9
అన్నావదినలు అవ్వను తీసుకొని షోలాపూర్ బట్టల మిల్లులో పనికి పోయారు. స్టేషన్‌లో అన్న కాళ్ళు పట్టుకున్నాను. అడిగితే అయిపోతుండె గద తమ్మీ, నేనే దగ్గరుండి ఏస్తుంటి, అన్నాడు. బండి కదిలింది. పేరు కావాలనుకోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ దాన్ని అన్న చేత దొంగతనంగా వేయించుకున్నాను.

జూన్ 15
దొర నుంచి ఇంకో ఆర్డర్. పేరు తప్పకుండా ఉండాలట.

జూన్ 17
మొదటి వరుస. నాన్నది, అవ్వది, వదినది, అన్నది నేనే వేశాను. రంగు నేనే పిలిచాను, ఆఁ అని నేనే అన్నాను. నా ముడి దగ్గర ఖాళీ వదిలాను. అది అన్నే వచ్చి వేయాలి.