క్రౌను మార్చిన బండి

సోమవారం. పొద్దున్నుంచీ వాన.

యోహాను బావ పాదం నుజ్జయిపోయింది. పెద్దాసుపత్రిలో వదిలి ఇప్పుడే ఇంటికొచ్చాను.

మా పాత ఆరు సిలిండర్ల పికప్ ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ తొక్కకపోయినా దుంగల లోడుతో మిట్ట ఎక్కేసేది. చదును రోడ్డు మీద మాత్రం నత్తే. మరియమ్మకి నొప్పులొచ్చిన రోజు, ఆ నత్తనడక వల్లే పెద్దాసుపత్రికి సముద్రం దాటించే బాంబూఫ్లాట్ ఆఖరి ఫెర్రీ తప్పిపోయింది. జెట్టీ మీదే పోయింది నా పెళ్ళాం, బావకి ఒక్కగానొక్క చెల్లెలు.

ఆ కసితోనే వెనక ఇరుసులో చక్రాల్ని తిప్పే పళ్ళచక్రం, క్రౌను, మార్పించాను. "స్పీడ్ మిలేగా, లేకిన్ తాకత్ జాయేగా. మిట్ట మీద ఏడుస్తావ్ భయ్యా," అన్నాడు మెకానిక్, వేగమొస్తే లాగే బలం పోతుందని. వినలేదు.

బావ ఎప్పుడూ మిట్ట దగ్గర దిగి, టైరు కింద పెట్టే చెక్క భుజాన వేసుకుని వెనకాలే నడిచేవాడు. "పిరికోడివి బావా, ఈ బండికి చెక్కెందుకు?" అని నవ్వేవాణ్ణి.

ఇవాళ మిట్ట సగంలో ఇంజను లాగలేక ఆగిపోయింది. తడిసిన బ్రేకు పట్టలేదు. బండి వెనక్కి జారింది. బావ చెక్క పెట్టాడు, బండి ఆగింది. కానీ బురదలో జారిన కాలు టైరు కిందే ఉండిపోయింది.

దుంగలు అక్కడే దొర్లించేసి, తేలికైన బండిని ముందుకి జరిపి కాలు బయటికి తీసి, బావని ఎక్కించుకుని చదును రోడ్డు మీద జెట్టీకి కొట్టాను. ఫెర్రీ ఇంకా కట్టే ఉంది. నా ఒళ్ళో తల పెట్టుకుని ఆయన దాన్నే చూశాడు.

"ఈసారి అందింది బావా," అన్నాడు.