సింహాచలం మామకు మైకు

ఆదివారం, అనకాపల్లి

ఇవాళ మైకు కొన్నాను. నా చిన్న కెమెరాలో ఉన్న మైకు గాలి హోరునే పట్టుకుంటోంది. కొండకర్ల ఆవ సరస్సులో దోనె నడిపే మా సింహాచలం మామ మాట ఒక్కటీ వినపడటం లేదు. నా చిన్నప్పుడు ఆయన ఆవ నడిమధ్య నుంచి కేకేస్తే గట్టు మీద నేనూ అమ్మా ఉలిక్కిపడేవాళ్లం. గొంతు ఆపరేషన్ తర్వాత గుసగుసే మిగిలింది. అదైనా ఎన్నాళ్లుంటుందో డాక్టరు చెప్పడం లేదు.

షాపతను ముందు కెమెరా మీద బిగించే పొడుగు మైకు చూపించాడు. పెట్టి చూస్తే మాటతో పాటు రోడ్డు మీది ఆటోల మోత కూడా వచ్చింది. ఆఖరికి చొక్కాకు తగిలించే చిన్నది తీసుకున్నాను.

సాయంత్రం దోనెలో మామ చొక్కాకు తగిలించాను.

"నా గొంతు ఎవులింటారే బుజ్జీ?" అన్నాడు.

హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకే పెట్టాను. తన మాట తనే విని, దోనె ఆపేశాడు.

"అయితే మీయమ్మ సంగతి సెప్తాను, ఇను. నీ అంతున్నప్పుడు ఈ ఆవలోనే తామరపువ్వు కోసం దూకేసింది..."

అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు ఆ సంగతి. పొద్దుగూకి మామ మొహం కనపడకపోయినా కెమెరా ఆపలేదు.