డబ్బా మూత

చెల్లెమ్మకు,

కోడి గెలికినట్టున్న నా రాతా, అందులో తప్పులూ చూసి విసుక్కోకు.

మీ అమ్మాయి కొట్టు సంగతి మొహమాటపడుతూనే రాస్తున్నాను. ప్యాకెట్లు వద్దు, ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుంటే చెత్తా తగ్గుతుంది, ధరా తగ్గిస్తానంది కదా. ఆర్నెల్లుగా నా రేకు డబ్బాలోనే పప్పు తెచ్చుకుంటున్నాను. కానీ పక్కింటి త్రాసులో తూస్తే ప్రతిసారీ ఒకేలా అంత తరుగు వస్తోంది. కాటా మీద వేలు ఆనిస్తోందేమోనని ఓ కన్నేసి ఉంచాను. వంగి కిందా చూశాను. ఏమీ దొరకలేదు, అనుమానం మాత్రం పోలేదు.

మొన్న నలుగురి ముందూ అనేశాను.

"నీ తూకం నాకు నమ్మకంగా లేదమ్మా."

"మామయ్యా, సొంత మేనమామని మోసం చేస్తానా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఖాళీ డబ్బా కాటా మీదే వదిలేసి వచ్చేశాను.

నేనేం గుడ్డివాణ్ణి కాదు. ముందు నా ఎదురుగానే ఖాళీ డబ్బా తూసి, ఆ బరువు మినహాయిస్తుంది. మూత ఎక్కడ పోతుందోనని నేను జేబులో వేసుకుంటాను. పప్పు పోశాక ఒలకకుండా నేనే మూత బిగించి, మళ్ళీ కాటా మీద పెడతాను.

చెల్లెమ్మా, ఇక్కడ నా చెయ్యి ఆగిపోయింది. మూత ఇప్పటికీ నా జేబులోనే ఉంది. ఇన్నాళ్ళూ దాని బరువునే పప్పనుకుని కొనుక్కున్నాను.

ఈ ఉత్తరం చింపి ఇంకోటి రాద్దామనుకున్నాను. కాగితం వృథా చెయ్యొద్దని చెప్పింది మీ అమ్మాయే. అందుకని ఇదే తనకి చదివి వినిపించు. మూత పట్టుకుని రమ్మంటుందో లేదో కనుక్కుని, ఆలస్యం చెయ్యకుండా జాబు రాయి.

మీ అన్నయ్య